ఉక్కు నగరం.. పేకముక్కల మోజు

షిఫ్టులు, జీతాలు, క్వార్టర్లు... టాటాల జంషెడ్‌పూర్‌లో బతుకంతా లెక్క ప్రకారమే. 1912లో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మె తయారైన నాటి నుంచీ అదే తీరు. పని వెతుక్కుంటూ వచ్చి బిష్టుపూర్, కద్మాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లకూ అదే అలవాటైంది. పండక్కో, పెళ్లికో రమ్మీ ముక్కలు వేసుకుంటే ఫర్వాలేదు. పోకర్ మీద మోజు పుడితే మాత్రం ఊరు దాటక తప్పదు. జార్ఖండ్‌లో కాసినోలు లేవు. దేశంలో పెద్ద పోకర్ టోర్నమెంట్లు ఎక్కువగా జరిగేది గోవాలోనే. పణజి దగ్గర మాండవి నదిలో లంగరేసిన కాసినో ఓడలే వాటికి ప్రధాన వేదిక.

అక్కడికెళ్లిన ఔత్సాహికుడికి ముందుగా తెలిసొచ్చేది ఓపిక విలువ. కట్టిన ప్రవేశ రుసుము తిరిగిరాదు. బదులుగా ఇచ్చే చిప్స్ పోటీలో లెక్కకే తప్ప నగదు కావు. నిర్ణీత సమయానికోసారి 'బ్లైండ్స్' అనే తప్పనిసరి పందెం పెరుగుతుంది. మంచి ముక్కల కోసం ఊరికే కూర్చుంటే చిప్స్ కరిగిపోతాయి. తొందరపడితే ఒక్క ఆటతోనే ఇంటిదారి. సాధారణంగా వందలో పది, పదిహేను మందికే బహుమతి దక్కుతుంది.

రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని 1967లో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పోకర్ ప్రియులూ ఆ తీర్పునే చూపుతారు. కానీ 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న తేడా చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. దాంతో ఇంట్లోనే చిన్న మొత్తంతో ఆడి పెద్ద పోటీకి టికెట్ గెలుచుకునే దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది సెలవు చీటీ, దూరప్రయాణం, పూర్తి రుసుము. బల్ల దగ్గర కూర్చోకముందే లెక్క చూసుకోవాల్సింది జీతం రాళ్లనే.