హుస్సేన్‌సాగర్ గట్టున ఒక లెక్క

సికింద్రాబాదు స్టేషనులో దిగి, రాణిగంజ్ మీదుగా టాంక్‌బండ్ చేరితే హుస్సేన్‌సాగర్ కనబడును. 1562లో కుతుబ్‌షాహీల కాలమున కట్టిన చెరువిది. పడవ పందెముల దినాలలో దీనిమీద తెల్లని తెరచాపలు కొంగల బారువలె సాగిపోవుచుండును. వాటిలో లేజర్ అను పడవ నాలుగు మీటర్లకు కొంచెము మించిన పొడవు. తెరచాప ఒకటే, మనిషి ఒక్కడే. సాయంత్రానికి ఒడ్డు చేరును గనుక దానికి కరెంటుతో పనిలేదు.

సముద్రపు సంగతి వేరు. మన హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్నం స్వాతి మరి నలుగురు నౌకాదళ మహిళలతో కలిసి ‘తారిణి’ అను తెరచాప ఓడపై 2017 సెప్టెంబరు 10న గోవా నుండి బయలుదేరి, భూమిని చుట్టి, 2018 మే 21న తిరిగి వచ్చిరి. అట్టి దూరప్రయాణములో గాలి ఓడను నడుపును గాని దీపము వెలిగించదు. రేడియోకు, దారి చూపు పరికరములకు కరెంటు కావలెను. అందుకే దూరము పోవు తెరచాప పడవలవారు అనేకులు సోలార్ ప్యానెళ్లు పెట్టుకొందురు.

వాటిని ఎంచుకొనుట ఎట్లు? మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెను. రోజుకు 720 వాట్ గంటల కరెంటు కావలెననుకొందము. 100 వాట్ల ప్యానెల్, పడవ ఊగుడు, నీడలు పోను, మంచి ఎండలో సుమారు 300 వాట్ గంటలు ఇచ్చునని పెట్టుకొన్నచో, మూడు ప్యానెళ్లు చాలును. రాత్రికి, మబ్బు దినమునకు బ్యాటరీలో నిలువ ఉంచవలెను.

రెండవది, రకము. అద్దము, ఫ్రేము గలవి బరువైనా ఎక్కువ కాలము మన్నును. వంగెడి పలుచని ప్యానెళ్లు తేలిక. పడవ పైకప్పు వంపునకు అతుకును. కాని క్రింద గాలి ఆడక వేడెక్కి త్వరగా చెడును.

మూడవది, నీడ. ప్యానెల్‌లోని బిళ్లలు గొలుసువలె ఒకదానికొకటి కలిసియుండును. ఒక్క బిళ్లపై తెరచాప నీడ పడినను మిగిలినవాటి కరెంటు కూడ బాగా తగ్గవచ్చును. కాబట్టి తెరచాపకు దూరముగా, పడవ వెనుక భాగమున పెట్టుట మేలు.

ఈ లెక్క సముద్రమునకే కాదు. మీ ఇంటి కప్పుపై సోలార్ పెట్టదలచినచో, అమ్మేవాని మాటకు ముందు మీ ఇంటి వాడకము లెక్కించుడి. ఉదయము, మధ్యాహ్నము, సాయంత్రము మేడ ఎక్కి, వేపచెట్టు నీడ ఎక్కడ పడుచున్నదో చూడుడి. అప్పు చేసి తెచ్చిన ప్యానెల్ ఒక కొమ్మ నీడకు ఓడిపోకూడదు గదా!