చిక్కం గెడకో జాయింటు

ఏప్రిల్ వచ్చిందంటే ఆగిరిపల్లి, నూజివీడు తోటల్లో చిక్కం గెడలకు చేతినిండా పని. బంగినపల్లి కాయను పట్టి లాగితే తొడిమ ఊడి సొన కారుతుంది. సొన పారినచోట తోలు నల్లబడి ధర పడిపోతుంది. అందుకే బ్లేడు కట్టిన చిక్కంతో తొడిమ ఉంచి కోస్తారు. పెద్ద చెట్ల పైకొమ్మలు అందాలంటే రెండు పైపులు కలపాలి. కలిపినచోట గుడ్డ చుట్టి తీగ బిగిస్తే గెడ అక్కడే ఊగుతుంది, బ్లేడు గురి తప్పుతుంది. ఇంట్లో కొత్తగా చిన్న లేత్ పెట్టుకున్నవాళ్లు మొదట చేయాల్సింది ఈ జాయింటేనని నా గట్టి నమ్మకం.

చాలామంది ఇత్తడి బొంగరంతో మొదలుపెడతారు. ముచ్చటైన పనే. అయితే బొంగరం ఒక మిల్లీమీటరు సన్నబడినా తిరుగుతుంది, తేడా ఎవరికీ తెలియదు. పైపులో దూర్చే ముక్క లావైతే దూరదు, సన్నమైతే ఊగుతుంది. కొలత పట్టడం దానితోనే వస్తుంది.

పైపు బయటి వ్యాసం 25 మి.మీ., లోపలిది 22 అనుకుందాం. 25 మి.మీ. అల్యూమినియం రాడ్‌లో 110 మి.మీ. ముక్క తీసుకుని రెండు కొసల్నీ 50 మి.మీ. మేర 21.9కి దించాలి. నడుమ 10 మి.మీ. అలాగే వదిలేస్తే పైపులు రెండూ దానికి ఆనుకుంటాయి. గెడను కిందికి లాగినప్పుడు ఊడకుండా ఇరువైపులా అడ్డంగా ఒక్కో బోల్టు వేయాలి.

ముందు కొస చదును చేయాలి. దీన్నే ఫేసింగ్ అంటారు. టూల్ మొన రాడ్ కేంద్రానికి సరిసమానమైన ఎత్తులో లేకపోతే మధ్యలో చిన్న బొడిపె మిగులుతుంది. మొన కిందికుంటే, విరిగిన హాక్సా బ్లేడు ముక్క టూల్ కింద పెట్టి లేపాలి. తర్వాత డయల్ సంగతి. చాలా లేత్‌ల మీద క్రాస్ స్లయిడ్ డయల్‌ను 0.1 మి.మీ. తిప్పితే వ్యాసం 0.2 తగ్గుతుంది. కొన్నిటికి డయల్ గీతలు వ్యాసం లెక్కనే ఉంటాయి. ఒక కోత వేసి వెర్నియర్‌తో కొలిస్తే మీదేదో తేలిపోతుంది. అల్యూమినియం మొనకు అంటుకుపోతుంటే కాస్త కిరోసిన్ వేయండి, కోత నున్నగా వస్తుంది. ఆఖరి అర మిల్లీమీటరు దగ్గర తొందర వద్దు. కోసి, కొలిచి, పైపే తెచ్చి దూర్చి చూడాలి. రెండో కొస కోసేటప్పుడు మొదటిదాన్ని చక్‌లో బిగించాలి కదా, కూల్‌డ్రింక్ డబ్బా రేకు చుట్టి బిగిస్తే గాట్లు పడవు.

తిప్పుతూ చెక్కే విద్య మనకు పాతదే. పక్కనున్న కొండపల్లి బొమ్మ ఉలి పని గానీ, ఏటికొప్పాక బొమ్మ తిరుగుడు మీదే పుడుతుంది. తిరిగే అంకుడు కర్రకు లక్క ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. ఇనుము దగ్గరికొచ్చేసరికి, టూల్‌ను చేతిలోంచి తీసి స్లయిడ్‌కు బిగించాకే కొలత నిలిచింది. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే ఆ స్లయిడ్‌ను స్క్రూతో నడిపించి, మరలన్నీ ఒకే తీరున కోసి చూపించాడు. విజయవాడ ఆటోనగర్‌లో ఇవాళ షాఫ్టుకు మర కోసే లేత్‌లదీ అదే పద్ధతి. వీలైతే అక్కడికెళ్లి, అనుభవమున్న టర్నర్ చేయి కాసేపు చూసి రండి. హ్యాండిల్ మీద వేళ్లు ఎంత నెమ్మదిగా కదులుతాయో పుస్తకాల్లో దొరకదు.

లేత్ దగ్గరికి కండువాతో, పొడుగు చేతుల చొక్కాతో, ఉంగరంతో వెళ్లకండి. గ్లవ్స్ అసలే వద్దు, కళ్లద్దాలు తప్పనిసరి. చక్ కీ తీసి పక్కన పెట్టాకే స్విచ్ వేయండి. చుట్టలు తిరిగిన చిప్స్‌ను మిషను ఆపి బ్రష్షుతో తీయండి.

జాయింటు పూర్తయ్యాక షోకేసులో పెట్టుకోకండి. తోటలో కాయ కోసేవాళ్ల చేతికిచ్చి, ఒక పూట వాడనిచ్చి, ఎలా ఉందో అడగండి. వాళ్లు చెప్పిన లోపం సరిచేస్తూ రెండోది మొదలుపెట్టండి.