మొదటి నంబరులో ఏం రాయాలి?

మా కింద పోర్షన్ వాళ్ళబ్బాయికి ఈసారి ఎంసెట్లో ర్యాంకొచ్చింది. పేరు మారి ఈఏపీసెట్ అయింది గానీ మా చిక్కడపల్లిలో ఎవరికీ నోరు తిరగడం లేదు. నాకూ తిరగదు, ఎంసెట్ అనే రాస్తాను. మొన్న సాయంత్రం వాళ్ళమ్మ చీపురు చేతిలో పట్టుకునే మెట్లెక్కి వచ్చింది. "అక్కా, పోయినేడు మీ పాపకు వెబ్ ఆప్షన్లు నువ్వే పెట్టినవ్ గద. జర మావోనికి గూడ పెట్టియ్యరాదు?" అంది.

సరే అన్నాను. అన్నానే గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పోయినేడు ఆప్షన్లు పెట్టింది నేను కాదు. మా అమ్మాయి పెట్టుకుంటుంటే అడ్డం పడింది నేను. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. మీకు చెబుతాను.

2025 మే 11, ఆదివారం ఫలితాలు వచ్చాయి. మా అమ్మాయికి నలభై వేల పైన ర్యాంకు. చెడ్డదీ కాదు, గొప్పదీ కాదు. చుట్టాలు ఫోన్ చేస్తే "పర్లేదులెండి, వచ్చింది" అని చెప్పుకునే ర్యాంకు. చుట్టాల కంటే ముందు కన్సల్టెన్సీ వాళ్ళు ఫోన్ చేశారు. మా నంబరు వాళ్ళకెవరిచ్చారో ఆ దేవుడికే తెలియాలి. "మేడమ్, మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ రెండే సీట్లున్నాయి, ఇవాళ అడ్వాన్స్ కడితే బ్లాక్ చేస్తాం" అని ఒకతను రోజుకు మూడుసార్లు. వారం తర్వాత చేసినా ఆ రెండు సీట్లు అలాగే ఉన్నాయి పాపం.

ఆ వారంలోనే ఒకరోజు నేను వంటింట్లో గోంగూర వలుస్తుంటే నా ఫోనుకు ఓటీపీ వచ్చింది. ఏ బ్యాంకుదోననుకుని భయపడి చూస్తే దోస్త్‌ది. డిగ్రీ అడ్మిషన్లు తెలంగాణలో 2016 నుంచి దాని ద్వారానే జరుగుతున్నాయి. రిజిస్టర్ చేసుకోవాలంటే ఆధార్‌కు లింకున్న ఫోన్ నంబరు కావాలి. పిల్ల ఆధార్‌కు లింకున్నది నా నంబరు. అలా దొరికిపోయింది. తన దగ్గరున్న డబ్బుల్లోంచి 200 రూపాయల ఫీజు కట్టి, మాకెవరికీ చెప్పకుండా డిగ్రీకి దరఖాస్తు చేస్తోంది.

"ఏం గ్రూపు?" అన్నాను.

"బీఏ. ఎకనామిక్స్. కోఠీ ఉమెన్స్ కాలేజీలో."

ఎంపీసీ చదివిన పిల్ల బీఏలో చేరొచ్చా అని కూడా నేను అడగలేదు. (చేరొచ్చు.) నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది: "బీఏ చదివి నాలాగా ఇంట్లో కూర్చుంటావా?"

అది నా వంక చూసి, "నీలాగా అంటే ఏంటమ్మా?" అంది. వెటకారంగా కాదు. నిజంగానే అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. గోంగూర వలుచుకుంటూ కూర్చున్నాను.

నేను బీఏ, స్పెషల్ తెలుగు. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు పెద్దమ్మ "తెలుగు చదవడానికి కాలేజీ దాకా వెళ్ళడమెందుకమ్మా, మనకొచ్చిందేగా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇరవై రెండేళ్ళుగా నవ్వుతూనే ఉన్నాను. పిల్లల స్కూలు ఫారాల్లో తల్లి చదువు అన్న గడిలో "గ్రాడ్యుయేట్" అని మాత్రమే రాసి, ఏ గ్రాడ్యుయేటో రాయకుండా తప్పించుకునేదాన్ని. ఇంట్లో నేను చూపించకుండా దాచుకున్నాననుకున్న ఆ సిగ్గంతా ఒక్క మాటతో పిల్ల మొహాన కొట్టాను.

రెండు రోజులకు మావారికి చెప్పాల్సి వచ్చింది. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. లాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ షీట్ మొదలుపెట్టారు. పోయినేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో కౌన్సెలింగ్ వెబ్‌సైట్లోనే ఉంటుంది. అవన్నీ ఎక్కించారు. సీఎస్ఈ, సీఎస్ఎం, సీఎస్‌డీ, సీఎస్‌సీ. ఒకటి మామూలు కంప్యూటర్లు, ఒకటి కృత్రిమ మేధ, ఒకటి డేటా, ఒకటి సైబర్ సెక్యూరిటీ. నాకు గుణింతం అప్పజెబుతున్నట్టే ఉంది. ఆయన్ని తప్పు పట్టలేను. ఆయన బీకాం. ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. తన తర్వాత పదేళ్ళకు చేరిన ఇంజినీరింగ్ పిల్లలు తనకంటే రెట్టింపు జీతం తీసుకోవడం రోజూ ఆయన చేత్తోనే లెక్క కడతారు. ఆ భయం ఆయనది. నా భయం నాది. పిల్ల మా ఇద్దరి మధ్యా కూర్చుని అన్నం తింటోంది.

మా అత్తగారు మాత్రం తేలిగ్గా తీసుకున్నారు. ఆవిడ నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారి బళ్ళో చదివారు. 1928లో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పడానికి పెట్టిన బడి అది. అప్పట్లో ఉస్మానియాలో చదువంతా ఉర్దూలో కాబట్టి, తొలి రోజుల్లో అక్కడి పిల్లలు పూనాలోని కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలు రాసేవారట. ఆవిడ నాటికి ఆ ఇబ్బంది లేదు గానీ, ఆవిడ ఆప్షన్లు చాలా తేలిక. "మా నాన్న నడిచి పోయేంత దూరంలో ఏముంటే అదే చదువు అన్నారు. అదృష్టం, రెడ్డి కాలేజీ ఆ వీధిలోనే ఉంది" అన్నారు. అని, "దానికేం కావాలో దాన్నే అడగరాదుటే?" అని నన్నే తిరిగి అడిగారు.

చివరకు ఒప్పందం కుదిరింది. దోస్త్‌లో సీటొస్తే ఉంచుకోవాలి, ఎంసెట్ కౌన్సెలింగ్‌కూ వెళ్ళాలి. దోస్త్ మేలోనే మొదలవుతుంది, ఎంసెట్ కౌన్సెలింగ్ జూన్ ఆఖరుకు గానీ మొదలుకాదు. కాబట్టి చాలామంది ఇలాగే చేతిలో ఒకటి పెట్టుకుంటారు. కోఠీలో సీటొచ్చింది. జూన్ ఆఖరులో క్లాసులు మొదలైతే వెళ్ళడం కూడా మొదలుపెట్టింది. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే నారాయణగూడ, సుల్తాన్ బజార్, అంతే. దిగి నడుచుకుంటూ పోవడమే. చేరిన రోజు నేనూ వెళ్ళాను. 1924లో మొదలైన కాలేజీ, తర్వాత పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఆవరణలోకి వచ్చింది. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం అయింది. ఆ పెద్ద స్తంభాల మేడ ముందు, రాతి సింహాల దగ్గర పిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు. మా అమ్మాయి దిగలేదు. నేరుగా టైంటేబుల్ అంటించిన బోర్డు దగ్గరికి పోయింది.

ఆ వచ్చే ఆదివారం మావారి షీట్లో పైనున్న ఇంజినీరింగ్ కాలేజీ ఒకటి చూడ్డానికి ముగ్గురం వెళ్ళాం. ఔటర్ రింగ్ రోడ్డు దాటి ఇంకా లోపలికి. కాలేజీ బస్సు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఉదయం 6.40కి వస్తుందని వాచ్‌మన్ చెప్పాడు. పోనీలే, అందరు పిల్లలూ పోవట్లేదా అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. అప్పటికీ నా మనసు మారలేదు.

తిరిగొచ్చి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర దిగాం. ఆదివారమైనా సరే, గోడవారన, చెట్ల కింద, మెట్ల మీద ఎప్పటిలాగే గ్రూప్స్‌కు చదివే పిల్లలు. అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉంటూ ఏళ్ళ తరబడి చదివేవాళ్ళు. మా వీధి టిఫిన్ బండి దగ్గర మాట కలిస్తే సగం మంది బీటెక్‌లే. మా అమ్మాయి అక్కడ నిలబడి, "నాన్నా, ఆ అన్నయ్య చేతిలో పుస్తకం చూడు" అంది. ఇండియన్ ఎకానమీ. "బీటెక్ అయ్యాక నేనూ ఇక్కడే కూర్చుని అదే చదవాలా? ఇప్పుడే చదివేస్తే నాలుగేళ్ళు మిగులుతాయి కదా."

మావారు నవ్వలేదు గానీ, ఆ రాత్రి షీట్ తెరవలేదు.

వెబ్ ఆప్షన్ల రోజున ఆయన లిస్టు 62 దాకా ఉంది. పిల్ల తొమ్మిదింటితో ఆపేసింది. ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. మన ర్యాంకుకు వచ్చేది పైన, రానిది కింద రాస్తారు. అది తలకిందులు. కంప్యూటర్ పై నుంచి చదువుకుంటూ వస్తుంది. మన ర్యాంకుకు ఎక్కడ సీటుంటే అక్కడ ఆగిపోతుంది, దాని కింద ఏం రాశామో చూడనే చూడదు. కాబట్టి రాదేమో అనుకున్నదైనా ఇష్టమైతే పైనే రాయాలి, పోయేదేమీ లేదు. ఇంకోటి, వచ్చినా వెళ్ళనిది అసలు రాయకూడదు. ఎందుకంటే అది వస్తుంది. మా ఇంట్లో అదే జరిగింది. పిల్ల తొమ్మిది రాస్తే, "ఇంకొన్ని పెట్టవే, సీటు రాకపోతే ఎలా" అని నేనే పక్కన కూర్చుని మరో ఇరవై రాయించాను. మాక్ అలాట్‌మెంట్లో వచ్చింది ఆ ఇరవైలోదే. అప్పుడు మార్చుకోవడానికి రెండు రోజులు గడువిస్తారు. దాన్ని తీసేస్తానంది. నేను తీయనివ్వలేదు. జులై మూడో వారంలో అసలు అలాట్‌మెంట్లోనూ అదే వచ్చింది. డేటా సైన్స్. 6.40 బస్సు.

ఫీజు కట్టి, ఆన్‌లైన్లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయడానికి గడువు పెడతారు. చేయకపోతే సీటు దానంతటదే రద్దవుతుంది. ఆఖరి రోజు రాత్రి పిల్ల పడుకుంది, లేక పడుకున్నట్టు నటించింది. మావారు లాప్‌టాప్ ముందు కూర్చుని, అన్ని నెలల్లో మొదటిసారి నన్ను అడిగారు. "నువ్వేమంటావు?"

నేను అన్నది ఇంతే. "బీఏ అయ్యాక బీఈడీ చేద్దామనుకున్నాను. ఎంట్రన్స్ అప్లికేషన్ కూడా తెచ్చుకున్నాను. ఆ నెలలోనే మీ సంబంధం కుదిరింది. నేను ఇంట్లో కూర్చున్నది బీఏ వల్ల కాదు."

ఆయనకు అప్లికేషన్ సంగతి తెలియదు. నేను ఎప్పుడూ చెప్పలేదు. కాసేపు స్క్రీన్ వంక చూసి లాప్‌టాప్ మూసేశారు. పన్నెండు దాటింది. సీటు పోయింది.

అంతా సుఖాంతం అనుకోకండి. మొదటి సెమిస్టర్లో పిల్లకు ఒక పేపరు తప్పింది. స్టాటిస్టిక్స్. మావారు ఏమీ అనలేదు, కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడుతో అన్నీ అనేశారు. రెండో విడతలో రాసి గట్టెక్కింది. ఈమధ్య ఆయన మళ్ళీ ఎక్సెల్ షీట్ ఒకటి మొదలుపెట్టారు. తొంగి చూస్తే పీజీ ఎంట్రన్స్ సీపీగెట్‌ది. ఇంకా రెండేళ్ళు ఉందండీ అంటే, "ఉండనీ" అన్నారు.

ఇవాళ పొద్దున కింద ఇంటికి వెళ్ళాను. ఆవిడ అప్పటికే సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో సర్ది పెట్టింది. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఉన్నాయో లేదో చూశాను. మధ్యలో ఎనిమిదో తరగతిది లేదు, బడి మారాడు. రేపే ఆ స్కూలుకు వెళ్ళి తెచ్చుకోమన్నాను. ఇన్‌కమ్ సర్టిఫికెట్ పాతది, మీసేవలో కొత్తదానికి పెట్టాలి. అదీ చెప్పాను. తర్వాత రూళ్ళ నోట్‌బుక్ తెరిచి, అబ్బాయిని ఎదురుగా కూర్చోబెట్టి, ఒకటి అని అంకె వేశాను.

"ఇక్కడ ఏం రాయమంటావు నాన్నా?"

వాడు వాళ్ళమ్మ మొహం చూశాడు. ఆవిడ నోరు తెరవబోయింది.

"చెల్లీ, కొంచెం టీ పెడతావా? చక్కెర తక్కువ" అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళేదాకా ఆగి, మళ్ళీ అడిగాను.