ఎదుటివారి చెవి

అబ్బాసియాలో గురువారం రాత్రి కాస్త ఆలస్యంగా ముగుస్తుంది. మర్నాడు సెలవు. కువైట్ విమానాశ్రయానికి దగ్గరగా, జలీబ్ అల్ షుయూఖ్ ప్రాంతంలో ఒకదానికొకటి ఆనుకుని లేచిన ఆ భవనాలలో మలయాళీలు, తెలుగువారు, తమిళులు ఒకే మెట్లమీద ఎదురుపడుతూ ఉంటారు. ఒక ఇంటి తిరగమోత పొరుగింటికి తెలుస్తుంది, ఒక ఇంటి పాట పై అంతస్తుకూ వినిపిస్తుంది. అలాంటి ఒక భవనం మూడవ అంతస్తులో, రాత్రి పదకొండు దాటాక, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎలక్ట్రిక్ గిటారు వాయించే మనిషి ఒకరున్నారు. పక్కగదిలో చదువుకునే కూతురికి వినిపించేది, తీగలకు ప్లెక్ట్రమ్ తగిలే చిన్న చప్పుడు మాత్రమే.

ఆయన వృత్తి విద్యుత్ పరికరాల నిర్వహణ. వయసు యాభై దాటింది. యౌవనంలో రాజమహేంద్రవరంలో ఒక ఆర్కెస్ట్రాలో వాయించేవారు. వినాయక చవితి పందిళ్లలో, పెళ్లిళ్లలో ఇళయరాజా పాటలే ఆ బృందానికి బలం. అప్పట్లో మద్రాసులో ఎవరో వాడి వదిలేసిన వాక్స్ ఏసీ 30 ఆంప్లిఫయర్‌ను అప్పుచేసి కొన్నారు. రెండు పన్నెండంగుళాల స్పీకర్లు, లోపల ఎర్రగా వెలిగే వాల్వులు, ముప్పై కిలోలకు పైగా బరువు. దాని వాల్యూం బాగా పెంచితేగాని అసలు గుణం బయటపడదు. గల్ఫ్‌కు వచ్చే రోజున అది తమ్ముడి ఇంటి అటక ఎక్కింది. ఈ అపార్ట్‌మెంటులో దానిని అయిదు నిమిషాలు మోగిస్తే కాపలాదారు తలుపు తడతాడు.

ఆ లోటు తీర్చిందే గిటార్ ప్రాసెసర్. వాల్వు ఆంప్లిఫయర్ ప్రవర్తనను గణితంగా మార్చి, చిన్న పెట్టెలో చిప్ చేత నడిపించే విద్య అది. 1998లో లైన్ 6 సంస్థ తెచ్చిన పాడ్ దానిని సామాన్య వాద్యకారుల చేతికి అందించింది. 2006లో ఫ్రాక్టల్ వారి యాక్స్ ఎఫ్ఎక్స్ వచ్చింది. 2011లో వచ్చిన కెంపర్, నిజమైన ఆంప్లిఫయర్‌లోకి పరీక్ష సంకేతాలు పంపి, అది స్పందించిన తీరును నమోదుచేసుకునే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఆయన కొనుక్కున్న పెట్టె వీటి తరువాతి తరానిది. అందులో ఆయన మొదట వెతికింది, పేరు కొద్దిగా మార్చి ఉంచిన ఆ పాత ఏసీ 30నే.

అయితే ఈ పెట్టె వినిపించేది వాద్యకారుడి పక్కన ఉన్న ఆంప్లిఫయర్‌ను కాదు. స్పీకరు ముందు మైకు పెట్టి, ఆ ధ్వనిని వేరొక గదిలో కూర్చుని వింటే ఎలా ఉంటుందో అలా వినిపిస్తుంది. స్పీకరు పెట్టె, మైకు కలిసి ధ్వనిని మలచే తీరును ముందే నమోదుచేసి అందులో కలుపుతారు. అది లేకుండా నేరుగా హాలు స్పీకర్లకు పంపితే తేనెటీగల రొద వస్తుంది. కారణం, గిటారు స్పీకరు అయిదు వేల హెర్ట్జులు దాటాక స్వరాన్ని బాగా తగ్గించివేస్తుంది. హాలు స్పీకర్లు తగ్గించవు. కనుక ఆ పెట్టెలోని ధ్వని మొదటినుంచీ శ్రోతకోసం తయారైనదే. కాళ్లకు తగిలే గాలి కదలిక, స్పీకరు ఊపుకు తీగలు మళ్లీ కంపించి స్వరం సాగిపోవడం వంటివి వాద్యకారుడికి బాగా తగ్గిపోతాయి.

ఈ సంగతి ఆయనకు తెలిసింది ఒక ఉగాది సాయంత్రం. పాఠశాల హాలులో తెలుగువారి వేడుక. మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని తీర్చిదిద్దుకున్న ధ్వని వేదికమీద మాయమైంది. కీబోర్డు, డ్రమ్ముల నడుమ గిటారు అడుగున గుమగుమలాడింది, పైన గీరింది, మధ్యలో ఏమీ లేదు. పాట అయ్యాక ఎవరో, "గిటారు ఆన్‌లోనే ఉందా అండీ?" అని మర్యాదగానే అడిగారు.

లోపం పెట్టెది కాదు, చెవిది. 1933లోనే బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దానిని కొలిచి చూపారు. శబ్దం మెల్లగా ఉన్నప్పుడు మన చెవికి అట్టడుగు స్వరాలు, బాగా పై స్వరాలు తక్కువగా అందుతాయి. హెడ్‌ఫోన్లలో మెల్లగా వింటూ ఆయన ఆ రెండింటినీ పెంచుకున్నారు. హాలులో వాల్యూం పెరిగేసరికి అవే ఉబ్బిపోయాయి. గిటారు నివసించే మధ్య స్వరాలకు చోటు లేకపోయింది.

తరువాతి కార్యక్రమానికి ముందు ఒక మధ్యాహ్నం ఆ హాలునే గంటసేపు అడిగి తీసుకున్నారు. ఈసారి వేదిక వాల్యూంలోనే సరిచేసుకున్నారు. అడుగు స్వరాలు తగ్గించి మధ్య స్వరాలు పెంచారు. ఇక బాగుందనుకున్నాక, పదవ వరుసలో కూర్చున్న కూతురు చెయ్యెత్తింది.

"నాన్నా, చెవిలో గుచ్చుతోంది."

ఆయనకు గుచ్చడం లేదు. తగ్గించారు. "ఇంకా" అంది. మరికొంత తగ్గించారు. ఇప్పుడు ఆయనకు అది దుప్పటి కప్పి వాయించినట్టుంది. ఆమె మాత్రం బొటనవేలు పైకెత్తింది.

వయసుతో వచ్చే వినికిడి లోపం పై స్వరాలతోనే మొదలవుతుంది. చెవి లోపల కోక్లియాలో, ఆ స్వరాలను పట్టుకునే మొదటి మలుపు దగ్గరి రోమకణాలు ముందుగా దెబ్బతింటాయి. తాను కోల్పోతున్నదేమిటో మనిషికి తెలియదు, ఎదుటివారు గొణుగుతున్నారనుకుంటాడు. ఆయనా అలాగే, తన చెవిలో తరిగినదాన్ని ఏళ్లతరబడి పెట్టెలో మరలు తిప్పి పూరించుకుంటున్నారు. ఆ సంగతి వైద్యుడు చెప్పి ఉంటే వేరుగా ఉండేదేమో. చెప్పింది పదిహేడేళ్ల కూతురు, అది కూడా ఆయనకు మిగిలిన ఒకే ఒక్క సంతోషం నడుమ. వేదిక అంచున ఆయన చాలాసేపు కూర్చుండిపోయారు. తనకు నచ్చని ధ్వనితో జనం ముందు నిలబడాలి, లేదా గిటారు పెట్టెలో పెట్టేయాలి.

కార్యక్రమం రోజున ఆయన కూతురు చెప్పిన చోటనే మరను ఉంచి, దానిమీద తెల్ల టేపు అంటించారు, చెయ్యి అలవాటు కొద్దీ పోకుండా. పాట నడుమ తన భాగం వచ్చింది. ఆయనకు మందంగానే వినిపించింది. కానీ గాయని తల తిప్పి చూసి నవ్వింది, వెనుక వరుసల వాళ్లు చప్పట్లతో లయ అందుకున్నారు.

ఇంటికి నడిచి వస్తుండగా కూతురు అడిగింది: "ఊళ్లో ఉన్న ఆ పాత పెట్టె ఇలాగే మోగేదా?"

ఆయన వెంటనే జవాబివ్వలేదు. ఏసీ 30 మోకాలి ఎత్తున నేలమీద ఉండేది; ఆయన దాని పక్కన నిలబడేవారు. గిటారు స్పీకరు పై స్వరాలను దీపపు గురిలా సూటిగా ముందుకు పంపుతుంది. పక్కన ఉన్నవాడికి మెత్తగా వినిపించినది ఎదురుగా ఉన్నవాడికి పదునుగా తగులుతుంది. చవితి పందిట్లో ముందు చాపమీద కూర్చున్న పిల్లలు, తన భాగం రాగానే చెవుల్లో వేళ్లు పెట్టుకోవడం ఆయనకు గుర్తొచ్చింది. పిల్లలు అల్లరి చేస్తున్నారని ఇన్నాళ్లూ అనుకున్నారు.

"నాకైతే బాగానే ఉండేది తల్లీ" అన్నారు. "వాళ్లని అడగలేదు."