నాకు నేనే రాసుకున్న సిఫార్సు ఉత్తరాలు

పోయిన సెప్టెంబరులో ఓ ఆదివారం పొద్దున్నే మా అక్క ఫోన్ చేసింది. మామూలుగా అయితే ఊళ్ళో పెళ్ళిళ్ళు, పేరంటాలు, నా పొట్ట.. ఇవన్నీ అయ్యాక గానీ అసలు విషయానికి రాదు. ఆ రోజు మాత్రం ఎత్తగానే "ఒరేయ్, నీ మేనల్లుడు ఏదో లెటరు పంపిస్తాడంట, కాస్త సంతకం పెట్టి పంపు" అంది.

లెటరు వచ్చింది. రాసింది కన్సల్టెన్సీ వాళ్ళు. మావాడు నా టీములో ఆరు నెలలు ఇంటర్న్‌గా పనిచేశాడట, మెషీన్ లెర్నింగ్‌లో వాడి పరిజ్ఞానం చూసి నేను అబ్బురపడిపోయానట! వాడు మా ఆఫీసుకి వచ్చింది ఒకే ఒక్కసారి, అదీ క్యాంటీన్లో భోజనానికి.

కుదరదన్నాను. "సంతకమేగా రా, నీ సొమ్మేం పోయింది? పక్కింటి అబ్బాయికి వాళ్ళ బాబాయి ఇవ్వలేదూ" అంది. తన బాధ తనది. ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకుంటున్నారు మరి.

ఇక్కడ నాకొచ్చిన చిక్కేంటంటే, నీతులు చెప్పడానికి నాకు మొహం లేదు. 2003 లో నేను చేసిందేంటి?

అప్పట్లో అమెరికాకి అప్లై చేయడమంటే ఓ యజ్ఞం. బ్యారన్స్ పుస్తకంలో మూడున్నర వేల పదాలు బట్టీ పట్టడం, జీఆర్ఈలో 1600 కి ఎంతొచ్చిందో అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకోవడం (ఇప్పటి పిల్లలకి 340 కే, 2011 లో స్కేలు మార్చేశారు. పైగా చాలా డిపార్ట్‌మెంట్లు ఆ స్కోరు అడగడమే మానేశాయి), డాలర్లలో డీడీలు తీయడం, ట్రాన్స్‌క్రిప్టుల కవరు అంటించిన చోట స్టాంపు వేయించుకోడానికి ఆఫీసుల చుట్టూ తిరగడం. వీటికి తోడు మూడు రికమెండేషన్ లెటర్లు. మా కాలేజీలో ఎవర్నడిగినా ఒకటే మాట, "నువ్వే రాసి తీసుకురావోయ్, సంతకం పెడతా". వాళ్ళ తప్పని కూడా అనలేను. బోలెడుమంది అడుగుతారు, ఒక్కొక్కడికీ ఏడెనిమిది యూనివర్సిటీలు.

రాసుకున్నా. ఒక్క రాత్రిలో ముగ్గురు ప్రొఫెసర్ల అవతారం ఎత్తా. అనుమానం రాకుండా ఒకదానికి టైమ్స్ న్యూ రోమన్, ఒకదానికి ఏరియల్, ఇంకోదానికి కొరియర్ ఫాంటు పెట్టా. తెలివైనవాణ్ణి కదా!

ఓ యూనివర్సిటీలో సీటొచ్చింది, వెళ్ళా. రెండో సెమిస్టర్లో ఒక ప్రొఫెసరు దగ్గరికి ఆర్ఏ అడగడానికి వెళ్ళా. అది దొరికితే ఫీజు ఉండదు, నెలకింత జీతం కూడా ఇస్తారు. ఆయన నా ఫైలు తిరగేసి, నవ్వి, "మీ ముగ్గురు ప్రొఫెసర్లూ ఒకే డిక్షనరీ వాడతారా?" అన్నాడు. నాకు వెంటనే వెలగలేదు. మూడు ఉత్తరాల్లోనూ "ఇన్‌డిఫాటిగబుల్" అనే మాట ఉంది. అంటే అలుపెరగనివాడు అని. బ్యారన్స్ పుణ్యం. ఫాంట్లు మార్చానే గానీ పదం మార్చడం మర్చిపోయా. ఆయనేం కోప్పడలేదు. "వీటిని చదివితే నీ గురించి నాకేమీ తెలియలేదు, అందుకే పక్కన పెట్టి మార్కులు చూశాం" అన్నాడంతే. ఆర్ఏ మాత్రం రాలేదు. నాన్న ఇంకో ఏడాది అప్పు చేశారు.

"అందరూ చేసేదే కదా" అంటారు మనవాళ్ళు. అందరూ చేస్తారు కాబట్టే ఆ కాయితానికి విలువ పోయింది. మన దగ్గర్నుంచి వెళ్ళే ప్రతి ఉత్తరమూ "మొదటి ఐదు శాతంలో ఉంటాడు" అంటుంటే, నిజంగా ఆ ఐదు శాతంలో ఉన్న పిల్లాడిని మాత్రం ఎవడు నమ్ముతాడు? ఇక చేయని ఇంటర్న్‌షిప్ చేశానని చెప్పడం నేను చేసినదానికంటే పెద్ద తప్పు. అదే అబద్ధం వీసా కిటికీ దగ్గర కూడా చెప్పి దొరికిపోతే, అమెరికా గుమ్మం శాశ్వతంగా మూసేసే సెక్షను ఉంది. కన్సల్టెన్సీకి పోయేదేముంది? "మాది ఫ్రీ సర్వీసండీ" అనే వాటిల్లో చాలావాటికి కమీషన్ యూనివర్సిటీల నుంచే వస్తుంది. ఏ యూనివర్సిటీలు మంచివో కూడా వాళ్ళే చెప్తారు.

సరే, లెటరు ఇవ్వను గానీ నాలుగు ఆదివారాలు ఇస్తా, రమ్మన్నా. వచ్చాడు, మొహం మాడ్చుకుని.

వాడి ఎస్ఓపీ "చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే మక్కువ" అని మొదలైంది. (నాదీ అలాగే మొదలైంది లెండి.) ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొన్నదే. "ఎవరూ చెప్పకుండా నువ్వు చేసిన పని ఏదన్నా ఉందట్రా?" అంటే "ఏం లేదు మామయ్యా" అన్నాడు. రెండో ఆదివారం పకోడీలు తింటూ తింటూ యథాలాపంగా బయటపెట్టాడు.

మా బావగారిది తణుకు దగ్గర ఎరువుల కొట్టు. రైతులకి అరువు ఖాతాలు. గుమాస్తాలు ఇద్దరూ పేర్లని ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్ళు ఎక్సెల్‌లో కొట్టేసరికి ఒకే రైతు నలుగురైపోయాడు. మావాడు ముందు సౌండెక్స్ వాడి చూశాడట. అది 1918 లో అమెరికాలో పేటెంటు తీసుకున్న పద్ధతి, ఉచ్చారణని బట్టి పేరుకో కోడ్ ఇస్తుంది. లక్ష్మిని "కేఎస్‌హెచ్"తో రాసినా "ఎక్స్"తో రాసినా ఒకే కోడ్ వచ్చింది, బానే ఉంది. ఈశ్వరరావు దగ్గర బోల్తా కొట్టింది. సౌండెక్స్ మొదటి అక్షరాన్ని ఉన్నదున్నట్టు ఉంచేస్తుంది. ఒక గుమాస్తా ఇంగ్లీషు "ఈ"తో, రెండో ఆయన "ఐ"తో మొదలెట్టారు. దాంతో ఇద్దరు ఈశ్వరరావులు. అందుకని వీడు పేర్లని ముందు తెలుగు ఉచ్చారణలోకి మార్చి, అప్పుడు పోల్చడం మొదలెట్టాడు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకోటి. వాడి ప్రోగ్రాము ఖాతాల్ని కలిపెయ్యదు, అనుమానం ఉన్నవాటిని చూపించి ఊరుకుంటుంది. ఎందుకంటే ఒకే ఊళ్ళో నిజంగానే ఇద్దరు ఈశ్వరరావులు ఉన్నారు, కలిపితే ఒకరి బాకీ ఇంకొకరి నెత్తిన పడుతుంది.

"ఇదెందుకు రాయలేదురా?" అన్నా.

"అది నాన్న కొట్లో పని కదా మామయ్యా, ప్రాజెక్టు కాదుగా" అన్నాడు.

మూడో ఆదివారానికల్లా వాడి ఎస్ఓపీలో ఈశ్వరరావు వచ్చి చేరాడు. ఇంగ్లీషు అక్కడక్కడా తడబడింది, నేను పెద్దగా వేలు పెట్టలేదు.

ఇక ఉత్తరం. డేటాబేస్ చెప్పిన మేడమ్‌ని అడగమన్నా. "రాసి తీసుకురా" అన్నారట (ఇరవై ఏళ్ళు దాటినా ఈ మాట మారలేదు). వీడు ఉత్తరం బదులు ఆ ప్రోగ్రామూ, తను ఏం చేశాడో రాసిన ఓ పేజీ పట్టుకెళ్ళి చూపించాడు. ఆవిడ అరగంట చూసి, ఏవో రెండు ప్రశ్నలడిగి, "సర్లే, నేనే రాస్తా" అన్నారట. ఇప్పుడు కవర్లూ స్టాంపులూ లేవు, లింకు నేరుగా ఆవిడ కాలేజీ మెయిలుకే వెళ్తుంది. అక్కడ చేరాక తన ఫైలు చూసుకునే హక్కు విద్యార్థికి 1974 నాటి చట్టం ఇచ్చింది. కానీ ఈ ఉత్తరం వరకు ఆ హక్కు వదులుకుంటావా అని అప్లికేషన్లోనే అడుగుతారు. వదులుకుంటేనే ఉత్తరానికి కాస్త విలువ. టిక్కు పెట్టే ముందు నా వైపు చూశాడు. నేనేం మాట్లాడలేదు. పెట్టేశాడు.

డిసెంబరు 15 న ఆఖరి అప్లికేషను పంపాడు. ఆవిడ ఏం రాశారో వాడికీ తెలీదు, నాకూ తెలీదు. సంక్రాంతికి అక్క అరిసెలు పంపింది గానీ, చేరాయా అని ఎప్పటిలా ఫోన్ మాత్రం చేయలేదు.