సీక్లిఫ్... చెవులకు బడి పెట్టిన ఊరు!

న్యూయార్క్ వెళ్లినవాళ్లు స్వేచ్ఛా ప్రతిమను చూస్తారు. టైమ్స్ స్క్వేర్‌లో ఫొటోలు దిగుతారు. ఓపికుంటే నయాగరా దాకా వెళ్లొస్తారు. సీక్లిఫ్ పేరు ఆ జాబితాలో ఎక్కడా ఉండదు. కానీ ఎల్పీ రికార్డులన్నా, మంచి స్పీకర్లన్నా ప్రాణం పెట్టేవాళ్ల దగ్గర ఒక్కసారి ఆ పేరు ఎత్తి చూడండి. వాళ్ల కళ్లల్లో మెరుపు కనిపిస్తుంది. ప్రపంచంలోని హైఫై అభిమానులకు 'ఎలా వినాలి' అన్నది నేర్పిన ఓ పత్రిక పుట్టింది ఆ చిన్న ఊళ్లోనే మరి!

మన్‌హటన్‌లో లాంగ్ ఐలాండ్ రైలెక్కి, జమైకా స్టేషన్‌లో ఆయ్‌స్టర్ బే వైపు వెళ్లే బండిలోకి మారాలి. ఆకాశహర్మ్యాలు వెనక్కి పోయి పెంకుటిళ్లు, చెట్లు మొదలవుతాయి. గంట పైచిలుకు ప్రయాణం. సీక్లిఫ్ స్టేషన్‌లో దిగి ఊళ్లోకి దాదాపు ఓ మైలు నడవాలి. దారి కొసన నేల హఠాత్తుగా ఆగిపోతుంది. కింద హెంప్‌స్టెడ్ హార్బర్ నీళ్లు, వాటిమీద తెల్లటి పడవలు. కొండచరియ మీద ఊరు కాబట్టే ఆ పేరు.

ఊరి పుట్టుక తమాషాగా ఉంటుంది. 1871లో మెథడిస్టు క్రైస్తవులు వేసవి ప్రార్థన సభల కోసం ఇక్కడ స్థలం కొన్నారు. డేరాలు వేసుకోవడానికి చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టారు. తర్వాత ఆ డేరాల జాగాల్లోనే ఇళ్లు లేచాయి. అందుకే ఇక్కడి వీధులు ఇరుకు, ఇళ్లు దగ్గర దగ్గర. చెక్క నగిషీల వరండాలు, కోసుగా లేచిన బురుజులు, ముదురు రంగులు... నూటపాతికేళ్లు దాటిన ఇళ్లు ఇప్పటికీ కళకళలాడుతూ కనిపిస్తాయి. ఒకప్పుడు నగరం నుంచి స్టీమర్లలో జనం వేసవి విడిదికి వచ్చేవారట. 1883లో గ్రామంగా గుర్తింపు వచ్చింది. ఇప్పటికీ జనాభా ఐదు వేలు, అంతే!

ఈ ఊళ్లోనే హ్యారీ పియర్సన్ అనే విలేకరి ఉండేవాడు. లాంగ్ ఐలాండ్ నుంచి వెలువడే 'న్యూస్‌డే' దినపత్రికలో పర్యావరణం మీద రాసేవాడు. 1973లో 'ది అబ్సొల్యూట్ సౌండ్' అని ఓ చిన్న పత్రిక మొదలుపెట్టాడు. తొలినాళ్లలో ప్రకటనలు లేవు. చందాదారులు పంపే డబ్బే ఆధారం. మూడు నెలలకో సంచిక అన్నమాటే గానీ, అది ఎప్పుడొస్తే అప్పుడే పండగ. వ్యాసాల కింద 'హెచ్.పి.' అన్న రెండక్షరాలు ఉంటే చాలు, పాఠకులు మొదట ఆ పేజీలే తిప్పేవారు.

ఆయన పెట్టిన షరతు ఒక్కటే. మైకులు, లౌడ్‌స్పీకర్లు లేకుండా ఓ హాల్లో మనుషులు వాయిస్తుంటే వినిపించేదే అసలు శబ్దం. ఇంట్లో యంత్రం దానికి ఎంత దగ్గరగా వచ్చిందో చెప్పడమే సమీక్షకుడి పని. పత్రిక పేరులో ఉన్నదీ అదే. వినడానికి ఇంపుగా ఉంటే సరిపోదు. వయొలిన్ వయొలిన్‌లా ఉందా? గాయని ముందు నిలబడి, డోళ్లు వెనకాల దూరంగా మోగుతున్నాయా? హాలు ఎంత పెద్దదో కళ్లు మూసుకుంటే తెలుస్తోందా? రెండు స్పీకర్ల మధ్య ఓ వేదిక కనబడాలంటాడాయన. 'సౌండ్ స్టేజ్' అన్న మాట హైఫై అభిమానుల నోళ్లలో నానిందంటే అందులో ఆయన చలవ చాలా ఉంది.

ఆయన ఇంట్లో ఇన్ఫినిటీ కంపెనీ ఐ.ఆర్.ఎస్. స్పీకర్లు ఉండేవి. మన ఇళ్లలో అల్మారా మీద పెట్టుకునేలాంటివి కావవి. ఏడున్నర అడుగుల ఎత్తున నాలుగు స్తంభాలు! రెండింటిలో బరువైన శబ్దాలకు ఆరేసి పన్నెండంగుళాల వూఫర్లు, మిగతా రెండింటిలో సన్నటి శబ్దాలకు పలచటి పొరలు. డేరాల జాగాలో కట్టిన ఊళ్లో అంతంత స్తంభాలు! తలచుకుంటేనే నవ్వొస్తుంది.

ఆ కలానికి బలం ఎంతంటే, ఆయన మెచ్చుకున్న పాత రికార్డుల జాబితాకెక్కితే వాటి ధర ఆకాశానికంటేది. 1950లలో, 60లలో ఆర్.సి.ఎ. లివింగ్ స్టీరియో, మెర్క్యురీ సంస్థలు కొద్దిపాటి మైకులతో రికార్డు చేసిన సింఫనీలు సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో చవగ్గా దొరికేవి. ఈయన రాశాక వాటికోసం వేట మొదలైంది. 1990లలో అదే సంగీతాన్ని కొత్తగా ఎల్పీలుగా అచ్చువేసే సంస్థలూ వచ్చాయి.

అయితే ఈ దారి తొక్కినవాడు ఆయనొక్కడే కాదు. అంతకుముందు జె. గోర్డన్ హోల్ట్ ఉన్నాడు. 'హై ఫిడెలిటీ' అన్న పెద్ద పత్రికలో సాంకేతిక సంపాదకుడు. ప్రకటనలిచ్చేవాళ్ల సరుకును ఉన్నదున్నట్టు విమర్శించడం అక్కడ కుదరక బయటికొచ్చేశాడు. 1962లో పెన్సిల్వేనియాలోని వాలింగ్‌ఫర్డ్‌లో 'స్టీరియోఫైల్' ప్రారంభించాడు. మీటర్ల లెక్కలు సరే, చెవికి ఎలా వినిపిస్తోందో చెప్పండి అన్నది ఆయన వాదం.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున జూలియన్ హిర్ష్. 'స్టీరియో రివ్యూ'లో దశాబ్దాలపాటు వేలకొద్దీ పరికరాలు పరీక్షించాడు. ఆయనకు కొలతలే ప్రమాణం. కొలతలు బాగుంటే యాంప్లిఫయర్లన్నీ ఒక్కలాగే వినిపిస్తాయన్న పక్షం ఆయనది. 1987 జనవరిలో ఆ పత్రిక ఓ పరీక్ష అచ్చేసింది. 220 డాలర్ల రిసీవర్ నుంచి 12,000 డాలర్ల వాల్వ్ యాంప్లిఫయర్ల జత దాకా, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించారు. వినేవాళ్లు తేడా నమ్మకంగా పట్టుకోలేకపోయారు. ఇక చూడండి గొడవ! చెవి గొప్పా, మీటరు గొప్పా? ఆ తగాదా నేటికీ తెగలేదు.

చెవిపక్షం పెద్దమనిషి హోల్ట్ కూడా చివరి రోజుల్లో ఓ నిష్ఠురమైన మాట అన్నాడు. పేరు చూడకుండా వినే పరీక్షలకు ఒప్పుకోకపోవడం వల్లే ఈ రంగం తన పరువు పోగొట్టుకుందని! చెవిని నమ్మమన్నవాడే ఆ చెవినీ పరీక్షించుకోమన్నాడు. 2009లో ఆయన కన్నుమూశాడు.

ఈ పత్రికలతో నాకు పరిచయం హైదరాబాద్ ఆబిడ్స్‌లో. ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల మధ్య, అప్పుడప్పుడూ అట్ట చిరిగిన స్టీరియో రివ్యూలు దొరికేవి. 1980లలో విదేశీ సరుకు మీద దిగుమతి సుంకం మాటెత్తితేనే గుండె దడ. ఆ పత్రికల్లోని ఒక్క వస్తువైనా కొనలేమని తెలుసు. అయినా చదివేవాళ్లం... ఏకాదశి ఉపవాసం నాడు వంటల పుస్తకం చదివినట్టు! ఇంట్లో ఉన్నదేమో ఓ టేప్‌రికార్డరు. కానీ అవి చదివాక అందులోంచే బాలమురళి గొంతు వెనకాల తంబురా వెతకడం అలవాటైంది. డబ్బు పెట్టి కొనలేని వస్తువుల సమీక్షలు కూడా మనకు పైసా ఖర్చులేని విద్య ఒకటి ఇచ్చాయన్నమాట.

సీక్లిఫ్‌లో మధ్యాహ్నం గడిపి, తిరుగుదారిలో స్నేహితుడి కారులో ఫ్లషింగ్ వినాయకుడి గుడికి వెళ్లాం. 1977లో వెలసిన ఆ ఆలయం మన తెలుగువాళ్లకు కొత్తేం కాదు. కింద క్యాంటీన్లో దోసెల వాసన, పైన సన్నాయి, డోలు. రాతి గోడల మధ్య సన్నాయి ఓ దిక్కు నుంచి కాకుండా ఒంటినిండా వినిపించింది. డోలు దెబ్బ ముందు ఛాతీకి తగిలింది, ఆ తర్వాతే చెవికి. హెచ్.పి. చెప్పిన అసలు శబ్దం ఇదే కదా అనిపించింది. టికెట్టు లేదు, మైకు లేదు.

హ్యారీ పియర్సన్ 2014 నవంబరులో సీక్లిఫ్‌లోనే కన్నుమూశాడు. పత్రిక అంతకుముందే చేతులు మారింది, ఆయన తర్వాతా కొనసాగింది. 'హై ఫిడెలిటీ' 1989లో ఆగిపోయింది. 'స్టీరియో రివ్యూ' 1999లో పేరు మార్చుకుంది. ఊళ్లో ఆయన పేరిట పెద్ద బోర్డులేవీ నాకు కనిపించలేదు. ఇప్పుడు ఏ వస్తువు కొనాలన్నా ఫోన్‌లో నక్షత్రాలు లెక్కపెడుతున్నాం. ఆ నక్షత్రాలు ఇచ్చినవాళ్లు దేనితో పోల్చి ఇచ్చారో మనకు తెలియదు. ఆ 'దేనితో' అన్న ప్రశ్నకు జవాబు ముందే చెప్పి రాయడం మొదలుపెట్టాడు ఈ ఊరి విలేకరి.

ఈసారి పిల్లల దగ్గరికి న్యూజెర్సీకో న్యూయార్క్‌కో వెళ్తే ఓ పూట సీక్లిఫ్‌కి కేటాయించండి. పెన్ స్టేషన్ నుంచీ, 2023లో తెరిచిన గ్రాండ్ సెంట్రల్ మాడిసన్ నుంచీ రైళ్లున్నాయి. ఎక్కువమంది జమైకాలో మారాల్సి ఉంటుంది. మే నుంచి అక్టోబరు దాకా వాతావరణం బాగుంటుంది. సాయంత్రం దాకా ఉండి, కొండ అంచున మెమోరియల్ పార్కులో కూర్చుంటే సూర్యుడు హార్బర్ అవతలి ఒడ్డుకు దిగిపోవడం చూడొచ్చు. కాసేపు ఫోన్ పక్కన పెట్టి, కింద నీళ్ల చప్పుడు ఎటునుంచి వస్తోందో కళ్లు మూసుకుని వినండి.