కూలింగ్ ఏదుంది?

2000ల మొదట్లో తెలుగునాట అభిమానులకు ఒక ధర్మసంకటం వచ్చిపడింది. టీవీలో అన్నయ్య చిరంజీవి థమ్సప్ తాగమంటాడు. తమ్ముడు పవన్ కళ్యాణ్ పెప్సీ తాగమంటాడు. ఇద్దరి సినిమాలకూ మొదటాటకే వెళ్ళి కాగితాలు విసిరే కుర్రాడు కిళ్ళీకొట్టు ముందు నిలబడి ఎవరి మాట వినాలి? నాకు తెలిసిన వీరాభిమానులు దీనికి పెద్దగా తల బద్దలు కొట్టుకోలేదు. కొట్టాయన్ని ఒక్క ప్రశ్న అడిగేవాళ్ళు: "అన్నా, కూలింగ్ ఏదుంది?"

కోట్లు పోసి తీసిన ప్రకటనలన్నీ ఆ ప్రశ్న ముందు ఓడిపోతాయి. అయినా కంపెనీలు ప్రకటనలు తీస్తూనే ఉంటాయి, మనం చూస్తూనే ఉంటాం. ఈ దేశంలో కూల్‌డ్రింకుల పోరు యాభై ఏళ్ళుగా సాగుతోంది. అందులో జెండాలు మారాయి, యజమానులు మారారు, ప్రభుత్వాలు మారాయి. మారనిది తాగేవాడి మొండితనం ఒక్కటే.

దీనికి బీజం వేసింది 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం. విదేశీ కంపెనీలు ఇక్కడి వ్యాపారంలో తమ వాటాను నూటికి నలభైకి తగ్గించుకోవాలంది. వాటా ఇస్తే ఫార్ములా గుట్టు కూడా పంచుకోవాల్సి వస్తుందని కోకాకోలా బెట్టు చేసింది. జనతా ప్రభుత్వంలో పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ అంతకంటే మొండివాడు. 1977లో కోక్ మూటాముల్లె సర్దుకుంది. ఆ ఖాళీలోకి సర్కారే స్వయంగా దిగింది. మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఫార్ములా తయారుచేశారు. బ్రెడ్డు అమ్మే ప్రభుత్వ సంస్థ మోడరన్ ఫుడ్స్ దాన్ని సీసాల్లో నింపింది. ఎన్నికలు గెలిచిన ఏడాది గుర్తుగా 'డబుల్ సెవెన్' అని పేరు పెట్టారు. ఆ ప్రభుత్వం మూడేళ్ళు నిండకుండానే కూలిపోయింది. కోలా కూడా ఆ దారే పట్టింది.

అసలు పందెం ప్రైవేటువాళ్ళ మధ్య నడిచింది. ఢిల్లీలో ప్యూర్ డ్రింక్స్ వాళ్ళు నిన్నటిదాకా కోక్‌కు సీసాలు నింపినవాళ్ళే. ఇప్పుడు కాంపా కోలా పేరుతో సొంత దుకాణం పెట్టారు. బొంబాయిలో పార్లే చౌహాన్ల చేతిలో గోల్డ్‌స్పాట్, లిమ్కా అప్పటికే ఉన్నాయి, థమ్సప్‌ను కూడా చేర్చారు. అందులో గ్యాసు ఎక్కువ, మసాలా ఘాటు ఎక్కువ. ఐసులో పెట్టకపోయినా తాగబుద్ధయ్యేలా ఉండాలన్నది వాళ్ళ ఆలోచన. ఫ్రిజ్ అంటే పెళ్ళిలో పెట్టే కట్నం సామాను అనుకునే రోజుల్లో, రంపపు పొట్టులో చుట్టిన ఐసుగడ్డ మీద సీసాలు పడుకోబెట్టే దేశంలో, అది మంచి ఆలోచనే. తెలుగు నేల దానికి కంచుకోట ఎందుకైందని అడిగితే నా సమాధానం ఒకటే. ఊరగాయ తిని పెరిగిన నోటికి ముక్కు పుటాలదాకా మండించే పానీయం పరాయిదెలా అవుతుంది?

తర్వాత పెప్సీ వచ్చింది, అదీ దొడ్డిదారినే. పంజాబ్ ప్రభుత్వ సంస్థతో, వోల్టాస్‌తో పొత్తు పెట్టుకుంది. రైతుల టమాటాలు, బంగాళాదుంపలు కొని ఉద్ధరిస్తామంది. విదేశీ పేరు ఒంటరిగా కనబడకూడదన్న నియమానికి తలొగ్గి 1990లో 'లెహర్ పెప్సీ'గా ముసుగేసుకుని సీసాలోకి దిగింది. మరుసటి ఏడాది దేశం తలుపులన్నీ తెరిచేసరికి ముసుగుతో పనే లేకుండా పోయింది. 1993లో కోక్ కూడా తిరిగొచ్చింది. పదహారేళ్ళ వనవాసం తర్వాత ఆగ్రాలో అడుగుపెట్టింది.

ఇక్కడ పార్లే రమేష్ చౌహాన్ ఓ లెక్క వేసుకున్నాడు. థమ్సప్ పేరు తనది. దేశమంతటా దాన్ని సీసాల్లో నింపేది మాత్రం చాలామటుకు ఫ్రాంచైజీ బాట్లర్లు. వాళ్ళు అమెరికా కంపెనీ వైపు జరిగితే ప్లాంట్లూ లారీలూ వాళ్ళతోనే పోతాయి. మిగిలేది పేరొక్కటే. అందుకే పేరు విలువగా ఉన్నప్పుడే థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్, సిట్రా, మాజా అన్నిటినీ కోక్‌కు అమ్మేశాడు.

కోక్ ఎత్తుగడ తేలికైనదే. థమ్సప్‌కు ప్రచారం తగ్గిస్తే జనం వాళ్ళంతట వాళ్ళే కోక్‌కు మారతారు. గోల్డ్‌స్పాట్ విషయంలో ఈ పాచిక పారింది, ఫాంటా కోసం దాన్ని అటకెక్కించారు. థమ్సప్ తాగేవాళ్ళు మాత్రం కదల్లేదు. కదిలినవాళ్ళు పెప్సీ వైపు పోయే ప్రమాదం కనబడింది. చివరికి అమెరికా కంపెనీ తాను పక్కన పెడదామనుకున్న సరుకుకే కండలు తిరిగిన హీరోల్ని పెట్టి, కొండల మీంచి దూకించి, ప్రాణం పోసింది. 2021లో థమ్సప్ అమ్మకాలు వంద కోట్ల డాలర్లు దాటాయని అదే కంపెనీ చాటుకుంది. ఈ కథంతటిలో నాకు నచ్చిన ఘట్టం ఇదే. తాము గెలిపించామని తెలియకుండానే గెలిపించినవాళ్ళు తాగేవాళ్ళు. డబ్బు మాత్రం కోక్‌కే చేరింది, అది వేరే సంగతి.

1996 క్రికెట్ ప్రపంచ కప్పుకు కోక్ డబ్బు కట్టి 'అధికారిక పానీయం' హోదా కొనుక్కుంది. పెప్సీ ఆ హోదానే ఎగతాళి చేస్తూ 'నథింగ్ అఫీషియల్ అబౌట్ ఇట్' అని ప్రకటనలు వేసింది. జనానికి గుర్తుండిపోయింది ఆ ఎగతాళే. ఈడెన్ గార్డెన్స్ సెమీఫైనల్లో మనవాళ్ళు ఓడిపోతుంటే మైదానంలోకి సీసాలొచ్చి పడ్డాయి. విసిరినవాళ్ళెవరూ అధికారికమా అనధికారికమా అని చూసి విసిరి ఉండరు.

ఇంత పెద్ద పోరాటానికి అసలు రణరంగం కిరాణా కొట్టు ఫ్రిజ్. ఎర్రదైతే కోక్ వాళ్ళిచ్చింది, నీలందైతే పెప్సీ వాళ్ళిచ్చింది. ఎవరిచ్చిన ఫ్రిజ్‌లో వాళ్ళ సరుకే పెట్టాలని షరతు. ఆ షరతును మన కొట్లవాళ్ళు పాటించే తీరు చూసి తీరాలి. ముందు వరసలో కంపెనీ సీసాలు, వాటి వెనక శత్రువు సీసాలు, కింది అరలో మజ్జిగ ప్యాకెట్లు, దోసెల పిండి, ఓ మల్లెపూల పొట్లం, తలుపు అరలో కొట్టాయన ఇన్సులిన్. సేల్స్ కుర్రాడు వచ్చే రోజున మాత్రం శత్రువు బల్ల కిందికి వెళ్ళి, బండి చప్పుడు దూరమయ్యాక మళ్ళీ చల్లబడుతుంది.

శత్రువులు చేతులు కలిపిన రోజు కూడా ఒకటుంది. 2003 ఆగస్టులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ రెండు కంపెనీల పానీయాల్లోనూ పురుగుమందుల అవశేషాలున్నాయని బయటపెట్టింది. అప్పటిదాకా ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు ఒకే వేదికెక్కి పత్రికలవాళ్ళ ముందు ఒకే మాట చెప్పారు, ఆ ఆరోపణ నిజం కాదని. మరుసటేడు పార్లమెంటు సంయుక్త సంఘం మాత్రం ఆ సంస్థ లెక్కలే సరైనవంది. అదే 2004లో మన పత్తి రైతులు కొందరు పురుగుకు కోలా కొడుతున్నారని వార్తలొచ్చాయి. పురుగుమందు కంటే చవకట. చక్కెరకు చీమలు చేరి పురుగును తింటాయేమోనని కొందరు నిపుణులన్నారు. కంపెనీలు కొట్టిపారేశాయి. అందరికీ ముచ్చెమటలు పోయించిన ఆ వివాదంలో పరిహాసానికి కూడా చోటు దొరికిందంటే మన రైతు చలవే.

ఇప్పుడు మూడోవాడు దిగాడు. అటకెక్కిన కాంపాను రిలయన్స్ 2022లో కొని, 2023 మార్చిలో మళ్ళీ మార్కెట్లోకి తెచ్చింది. మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచే. ఎదుటివాడి కంచుకోటలోనే తొలి గుడారం వేసిందన్నమాట. ఆయుధం ధర: 200 మిల్లీలీటర్లు పది రూపాయలు. దాంతో పెద్దవాళ్ళిద్దరూ పది రూపాయల సీసాలు వెతుక్కోవలసి వచ్చింది. ఒకప్పుడు కోక్‌కు సీసాలు నింపినవాళ్ళు పుట్టించిన కాంపా ఇప్పుడు స్వదేశీ జెండా మోస్తోంది. కోక్ లేని లోటు తీర్చడానికి పుట్టిన థమ్సప్ కోక్ ఇంట్లో ఉంది. పన్ను మాత్రం స్వదేశీకైనా విదేశీకైనా ఒకటే, నూటికి నలభై. లోపలి సరుకూ ఇంచుమించు ఒకటే: నీళ్ళు, గ్యాసు, సీసాకు నాలుగైదు చెంచాల చక్కెర.

అందుకే ఈ పోటీలో దేశభక్తిని వెతకడం నేను మానేశాను. పోటీ ఉండాలని మాత్రం కోరుకుంటాను. ఒక్కడే ఉంటే ఏం పోసినా, ఎంతకి అమ్మినా నోరెత్తకుండా తాగాలి. ముగ్గురుంటే కనీసం ధర దగ్గర భయపడతారు. పది రూపాయలు మొదటి సీసాను కొనిపిస్తాయి. రెండో సీసా కొనాలా వద్దా అన్నది మన నాలుక చెబుతుంది. ఆ నాలుకను కొనడం ఎంత కష్టమో కోకాకోలాకు థమ్సప్ దగ్గరే తెలిసొచ్చింది. రిలయన్స్ లెక్క ఇంకా తేలాలి.